దడికి అవతలి చెయ్యి

మా తమ్ముడు సత్తయ్య నాకు ఫోన్‌లో గోడ ఫోటోలు పంపాడు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, గోడకు భుజం ఆనించి మీసం మెలేస్తూ తను నిలబడ్డది ఒకటి. సొంత మనుమరాలికి కూడా వాడు ఇంత శ్రద్ధగా ఫోటోలు తీయలేదు. కింద "ఎట్లుందక్కా?" అని అడిగాడు. గోడ గోడలెక్కనే ఉందిరా, ఇంకెట్లుంటది అని రాయబోయి ఆగాను. పాపం, వచ్చే ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడాలని గంపెడాశతో ఉన్నాడు. సర్పంచ్ కాబోయే మనిషి వాకిట్లో కందికట్టె దడి ఉంటే పరువేముంటుందని, దాన్ని పీకేసి మనిషెత్తుకు మించిన సిమెంటు గోడ లేపాడు. "నువ్వొచ్చి సూడాలె అక్కా. గిసొంటి గోడ మన తరిగొప్పుల మండలంల ఎవ్వలికి లేదు," అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. గుడి చూడమని పిలిచినవాళ్ళున్నారు, పెళ్ళి చూడమని పిలిచినవాళ్ళున్నారు, గోడ చూడమని పిలిచినవాణ్ణి మాత్రం నా జన్మలో వీణ్ణొక్కణ్ణే చూశాను. అయినా జనగామలో బస్సెక్కాను. ఆ ఫోటోలు చూసినకొద్దీ నాకు పీకేసిన దడే మనసులో మెదులుతోంది. నా చిన్నతనం సగం ఆ దడి పక్కనే గడిచింది మరి.

నేను బతుకంతా ఇంగ్లీషు పంతులమ్మగా చేశాను. బయ్యారంలో మొదలుపెట్టి, తెల్ల చీరలన్నీ ఆ ఎర్రమట్టికి అప్పగించి, చివరికి రేగొండలో రిటైరయ్యాను. పాఠంలో ఫెన్స్ అనే మాట వచ్చినప్పుడల్లా నాకు తంటా. 'సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అంటే దడి మీద కూర్చోవడం, అంటే ఇటు మొగ్గక అటు మొగ్గక మధ్యలో కాలం గడపడం అని చెప్పాను. బయ్యారంలో ఒక పిల్ల లేచి, "టీచర్, దడి మీద ఎట్ల కూసుంటరు? ముల్లు దిగదా?" అని అడిగింది. ఎక్కడ దిగుతుందో చేత్తో చూపించింది కూడా. క్లాసంతా ఘొల్లుమంది. దానిది న్యాయమైన ప్రశ్నే. ఆ దేశం వాళ్ళవి నున్నటి చెక్కల దడులు కావచ్చు, వాళ్ళు కూర్చుంటారు. మన దడి మీద కాకి కూడా ఆలోచించి వాలుతుంది. మన దగ్గర ఆ పని చేసేదాన్ని గోడ మీద పిల్లి అంటారని చెప్తే అప్పుడు తలకెక్కింది. ఆ ఒక్క మాటకే ఇంకా ఉన్నాయి. దొంగసొత్తు కొనేవాణ్ణీ ఫెన్స్ అంటారు, కత్తి ఆటనూ ఫెన్సింగ్ అంటారు, అడిగినదానికి సూటిగా చెప్పకుండా తప్పించుకుంటే అదీ ఫెన్సింగే. ఆ చివరి ఆటలో మా సత్తయ్యకు కప్పు ఇవ్వవచ్చు. వీటన్నిటిలో నాకు నచ్చింది 'మెండింగ్ ఫెన్సెస్'. దడి బాగుచేసుకోవడం, అంటే చెడిన పొత్తును మళ్ళీ కలుపుకోవడం. మొదటిసారి చదివినప్పుడు, ఎవరో తెల్లదొర మా అవ్వ ఎల్లవ్వను చూసి రాసుకుపోయాడేమో అనిపించింది. "దడి అంటేనే అడ్డం కదమ్మా, అడ్డాన్ని బాగుచేస్తే మనుషులెట్లా కలుస్తారు?" అని రేగొండలో ఒక సారు నాతో గంటసేపు వాదించాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి దడి కట్టలేదని నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

దడి కట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. కందికట్టెను నిలువుగా పేర్చాలి. దానికి ఇటొక వెదురుబద్ద, అటొక వెదురుబద్ద అడ్డంగా పెట్టాలి. ఇవతలి మనిషి ఒక పుల్లకు తాటినార కట్టి కట్టెల సందులోంచి అవతలికి పొడవాలి. అవతలి మనిషి అందుకుని, బద్ద మీదుగా తిప్పి, మళ్ళీ ఇవతలికి పొడవాలి. అప్పుడు ఇవతల గుంజి ముడి వేయాలి. అవతల చెయ్యి లేకపోతే ఇవతల ముడి పడదు. ఒక్కరే కడతామంటే ప్రతి ముడికీ వీధి చుట్టి పోయి రావాలి, ఆ లెక్కన దడి పూర్తయ్యేలోపు వానాకాలం వస్తుంది. అందుకని కందులు కొట్టడం అయిపోగానే, ఎండలు ముదరకముందే, రెండిళ్ళ ఆడవాళ్ళూ చెరో దిక్కు నిలబడేవాళ్ళు. చెదలు తిన్న పాత కట్టె పొయ్యిలోకి పోయేది, కొత్త కట్టె దడిలోకి వచ్చేది. ఆ రోజుల్లో వాకిలంతా ఎండిన కందాకు వాసన, నానబెట్టిన నార వాసన. అవ్వ చేతులతో ముద్ద పెడితే ఆ నార వాసన కూడా తినాల్సి వచ్చేది. వద్దంటే రెండో ముద్దకు బదులు మొట్టికాయ దొరికేది.

ఎల్లవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. దడికి అవతల మార్తవ్వ. వాళ్ళ మామలిద్దరూ సొంత అన్నదమ్ములు, అందుకని వీళ్ళు వరసకు యారాళ్ళు, తోడికోడళ్ళన్నమాట. అన్నదమ్ములు వాకిలి పంచుకున్నప్పుడు మధ్యలో దడి పడింది. తర్వాత మార్తవ్వ మామ క్రైస్తవ సంఘంలో కలిశాడు. అట్లా అవతల ఆదివారం ప్రార్థనలు, ఇవతల పోచమ్మ బోనాలు. దడికి రెండూ అలవాటే. మార్తవ్వ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మా అవ్వ ఇవతల నుంచి, "జర నా మోకాళ్ళ గురించి గూడ చెప్పవే మీ దేవునికి," అనేది. "నీ మోకాళ్ళ సంగతి ఆయనకు ఎన్నడో తెలుసు. నీ నోటి గురించి చెప్తున్న, అదే ఒడుస్తలేదు," అని మార్తవ్వ కళ్ళు తెరవకుండానే జవాబిచ్చేది.

పొద్దున లేస్తే కొబ్బరి చిప్పలో నిప్పు కణికె దడిలో చెయ్యి పట్టేంత వదిలిన సందులోంచి ఇటో అటో మారేది. చల్ల, పచ్చిపులుసు, కోడి ఎక్కడ గుడ్డు పెట్టిందన్న సమాచారం, ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందన్న సమాచారం, అన్నీ అందులోంచే. సాయంత్రం అవ్వ చుట్ట వెలిగించి సగం తాగి, మిగిలిన సగం మార్తవ్వకు అందించేది. ఎండుకట్టెల మధ్యలోంచి మండే చుట్టను అంత తీరిగ్గా చేతులు మార్చారు, దడి తగలబడకుండా వాళ్ళను కాపాడింది ఏ దేవుడో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి. మా తాత పోయాక అవ్వతో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? నాయినకు పొలం, అమ్మకు పొయ్యి, మాకు ఆట. ఈ లోకంలో అవ్వకు దొరికిన మనిషి మార్తవ్వ ఒక్కతే.

అట్లాంటి ఇద్దరికీ ఒక సొరకాయ దగ్గర చెడింది. మేము ఆనిగెపుకాయ అంటాం. తీగ మా అవ్వది, పాకింది దడి మీద. ఎవరి దిక్కు వేలాడిన కాయ వాళ్ళది అన్నది పాత పద్ధతి, దాని మీద ఎన్నడూ పేచీ లేదు. కానీ ఆ ఏడు అవ్వ ఒక్క కాయను విత్తనానికని వదిలి, తొడిమెకు ఎర్ర గుడ్డపేలిక కట్టింది. ఆ కాయ అవతలి దిక్కు వేలాడుతోంది. మార్తవ్వ ఇంటికి అనుకోకుండా పాస్టరు అయ్యగారు ప్రార్థనకొచ్చారు, ఇంట్లో కూర లేదు. ఇంకేముంది, పేలికతో సహా కాయ తెగింది. కూర వాసన ఇవతలికి రాగానే అవ్వ ముక్కుకు అర్థమైపోయింది.

"కండ్లు దొబ్బినయా నీకు? పేలిక కనబడలే? అది మా తల్లిగారింటి విత్తనమే!" అని అవ్వ దడి దగ్గర నిలబడి కేకేసింది.

"నా దిక్కు ఏలాడింది నాది. పేలిక కడితే నీదైతదా? రేపు మా బర్రెకు గూడ కడుతవ్ పేలిక!"

"మీ అయ్యగారు ఒక్కపూట పచ్చిమిరపకాయ తొక్కుతోని తింటే పాణం పోవునా?"

అయ్యగారిని అనేసరికి మార్తవ్వకు రోషం పొడుచుకొచ్చింది. అక్కడి నుంచి ఇద్దరూ వెనక్కి తవ్వుకుంటూ పోయారు. ఎవరి పెళ్ళిలో ఎవరికి పప్పు అందలేదు, ఎవరి పురుడుకు ఎవరు రాలేదు, చచ్చిపోయిన అత్తల దగ్గరిదాకా పోయారు. లోపల విస్తరి ముందు కూర్చున్న అయ్యగారు ముద్ద మింగాలో వద్దో తెలియక అట్లాగే ఉండిపోయాడట. చివరికి మా అవ్వ, "గోడ పెట్టిపిస్త. ఈ జన్మల నీ మొఖం సూడ," అంది. "పెట్టియ్యి, నా కండ్లు సల్లవడ్తయ్," అంది మార్తవ్వ. అంతే, మాటలు బంద్.

మగవాళ్ళకు పండగయ్యింది. మా నాయినా, మార్తవ్వ పెనిమిటి యేసుదాసు తాతా వీధిలో కలిసి, గోడ పెడితే రోజూ ఈ లొల్లి తప్పుతుందని ఒక్క మాట మీదికొచ్చారు. మట్టిగోడ పెట్టేవాళ్ళు వేరే ఊళ్ళో పనిలో ఉన్నారు, అది ముగించుకుని వస్తామన్నారు. అవ్వ మాట మీదే గోడ రాబోతోంది, కాబట్టి వద్దనడానికి అవ్వకు నోరు లేదు. అన్నం ముందు కూర్చుని గిన్నెతో పోట్లాడేది. మమ్మల్ని ఊరికే తిట్టేది, తిట్లలో కూడా రుచి తగ్గింది. సాయంత్రం చుట్ట వెలిగించి సగం తాగేది, ఆ తర్వాత చేతిలో ఉన్న సగాన్ని ఏం చేయాలో తోచక అట్లాగే పట్టుకుని కూర్చునేది. "మీ అవ్వకు బెంగ పట్టింది," అని అమ్మ నాయినతో అంది. "గోడ అయితే అన్నీ సర్దుకుంటయ్ తియ్," అన్నాడు నాయిన. మా ఇంటి మగవాళ్ళకు గోడ మీద నమ్మకం ఇవాళ్టిది కాదు.

ఈలోగా పాత దడి చెదలు తిని కూలింది. మార్తవ్వ మేకలు మా పెరట్లో కొత్తిమీర మేశాయి, మా కోళ్ళు వాళ్ళ గింజలు తిన్నాయి. గోడ అయ్యేదాకా ఏదో ఒకటి అడ్డం కట్టుకోండని నాయిన కసిరి పొలం పోయాడు. అమ్మ కడతానంటే అవ్వ ఒప్పుకోలేదు. "నీకు బిగి రాదు," అని నడుముకు కొంగు చుట్టి దిగింది. అవతల ఎవరొచ్చారని కట్టెల సందులోంచి చూస్తే, అక్కడా నడుముకు కొంగు చుట్టుకుని మార్తవ్వే. ఇద్దరికీ మాటల్లేవు, మరి పని ఎట్లా సాగాలి? ఇవతల నేను, అవతల మార్తవ్వ మనుమరాలు రాహేలు, నా ఈడుదే, చెరొకరి నోరుగా నిలబడ్డాం.

"సుగుణా, నార అందుకొమ్మని చెప్పు ఆమెకు," అంటుంది అవ్వ. ఆమె అంటే జానెడు దూరంలో ఉన్న మార్తవ్వే.

"మార్తవ్వా, నార అందుకోవాల్నట," అంటాను నేను.

"అందుకున్న. రాహేలూ, బద్ద జర కిందికి దించుమను ఆ మారాణిని."

"ఎల్లవ్వా, బద్ద దించాల్నట మారాణీ," అని రాహేలు ఒక్క అక్షరం విడవకుండా అప్పజెప్పింది.

కాసేపటికి మాకు మజా దొరికింది. చెప్పనివి కూడా చేర్చి చెప్పడం మొదలుపెట్టాం. ముసలిదానికి చేతులల్ల బలం లేదట అని నేనంటే, నోట్లె ఉన్నంత బలం చేతులల్ల ఉంటే బాగుండునట అని రాహేలు ఇటు పంపేది. మేమొక్కటి చేర్చినప్పుడల్లా నార మరింత బిగుసుకునేది. అంత గట్టి దడి మా ఊళ్ళో అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. అట్లా సగం దడి అయ్యాక, అవ్వ పళ్ళు బిగబట్టి ఒక్క గుంజు గుంజింది. అవతల మార్తవ్వ వేలు బద్దకూ నారకూ మధ్య ఇరుక్కుంది.

"ఓ ఎల్లీ! నా యేలే!" అని కేకేసింది మార్తవ్వ.

అవ్వను ఎల్లీ అని పిలిచేవాళ్ళు అప్పటికి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. అవ్వ నార వదిలేసి, ఆ సందులో చెయ్యి దూర్చింది. "ఏది? ఇటు పెట్టు. సూపియ్యే, సచ్చినదానా!" కట్టెల మధ్యలోంచి నల్లగా కందిన వేలు ఇవతలికొచ్చింది. అవ్వ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చటుక్కున తన నోట్లో పెట్టుకుంది.

"కొరుకకే తల్లీ, నీకు దండం వెడుత," అంది అవతల నుంచి మార్తవ్వ.

"కొరుకనియ్యి. నా ఆనిగెపుకాయ తిన్న చెయ్యి గదా, ఉప్పు సరిపోయిందో లేదో సూస్తున్న."

మార్తవ్వ పక్కున నవ్వింది. మా అవ్వ నవ్వబోయి ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, తాత పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదని అమ్మ తర్వాత చెప్పింది. "నీతోని మాట్లాడక బువ్వ దిగుతలేదే," అంది. "నాకు దిగుతుందా? తప్పు నాదే. మీ తల్లిగారింటికి నేనే పోయి విత్తనం తెస్త, ఊకో," అంది మార్తవ్వ. ఆ తర్వాత మా ఇద్దరి నోళ్ళతో వాళ్ళకు పని లేకపోయింది. మిగిలిన సగం దడి కట్టేసరికి పొద్దు గూకింది, ఎందుకంటే ముడి ముడికీ అన్ని రోజుల బాకీ మాటలు పడ్డాయి.

కొన్నాళ్ళకు మట్టిగోడ వాళ్ళు పారలు పట్టుకుని వచ్చారు. అవ్వ వెళ్ళి దడికి వీపు ఆనించి కూర్చుంది. అవతల అదే చోట మార్తవ్వ కూర్చుంది.

"జరుగవ్వా, దడి పీకాలె," అన్నాడు నాయిన.

"ముందుగాల నన్ను పీకు."

"గోడ పెట్టుమన్నది నువ్వే గదనే!"

"అన్న. కోపంల అన్న. నువ్వు కోపంల ఎన్నన్నవ్ బిడ్డా, నేను అన్నీ పట్టుకుని కూసున్ననా?"

గోడవాళ్ళు కల్లు తాగి, మా ఇంటిని నాలుగు తిట్టుకుని వెళ్ళిపోయారు. అవ్వా మార్తవ్వా పోయాక కూడా ఆ దడి కట్టడం ఆగలేదు. మా అమ్మా రాహేలు తల్లీ కట్టారు. రాహేలు ఇల్లరికం మొగుణ్ణి తెచ్చుకుని అక్కడే ఉండిపోయింది కాబట్టి, వాళ్ళ తర్వాత మా మరదలు పద్మా రాహేలూ కట్టారు. పోయిన ఎండాకాలం దాకా కట్టారు.

ఇక సత్తయ్య గోడ సంగతి. బస్సు దిగి వెళ్ళేసరికి వాడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. గేటు మీద రెండు సిమెంటు సింహాలు, రెండింటికీ వాడి మూతే. మా దిక్కు గోడంతా నున్నగా సిమెంటు పూసి గిలాబు చేసి లేత గులాబి రంగు వేయించాడు. అవతలి దిక్కు మాత్రం ఇటుకలు బయటికే ఉన్నాయట. గోడ కట్టే ముందు వీడు వాళ్ళను ఒక్క మాట అడగలేదు. గిలాబు చేయాలంటే మేస్త్రీ వాళ్ళ వాకిట్లో నిలబడాలి, రాహేలు కొడుకు అడుగు పెట్టనియ్యలేదు. దడి అడగకుండా కట్టలేం, గోడ అడగకుండా కట్టొచ్చు. ఇన్నేళ్ళలో మేము సాధించిన ముందడుగు ఇదే.

"ఎట్లుందక్కా?" అన్నాడు సత్తయ్య.

"మంచిగున్నది. ఎన్నడు కూలగొడుతున్నవ్?" అన్నాను. వాడు నవ్వాడు, నేను నవ్వలేదు.

వాడు అటు పోగానే పద్మ చాయ్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ మొగుడి మాటకు ఎదురు చెప్పగా నేను వినలేదు. "వదినె, నాకు పిచ్చి లేస్తుంది," అంది. "పొద్దుగాల ఈయన తిరగనీకి పోతే మాపటికొస్తడు. పొద్దంత ఒక్క మనిషి గొంతు ఇనబడది. ఇదివరకు గిన్నెలు తోముకుంటనే రాహేలక్కతోని మాట్లాడుతుంటి."

"వీధిలకెళ్ళి పోవచ్చు గదా?"

"పోతే వాడకట్టంత ఎటు పోతున్నవని అడుగుతరు. ఊకెనే మాట్లాడనీకి పోతున్న అని ఎట్ల చెప్త వదినె?" అని కళ్ళు తుడుచుకుంది.

నిజమే కదా, ఒకరింటికి వెళ్ళాలంటే ఏదో పని ఉండాలి. దడి దగ్గర నిలబడడానికి ఏ పనీ అక్కర్లేదు. ఇంత చదువు చదివి, ఆ మాట వందసార్లు పాఠం చెప్పి, నేనిట్లా ఆలోచించనే లేదు. సత్తయ్య రాగానే గోడలో ఒక చిన్న దర్వాజ పెట్టించమన్నాను. "గోడ కట్టేది దర్వాజ పెట్టనీకా అక్కా? రేపు ఎలక్షన్ల నిలవడెటోన్ని. మనింట్ల మాట బయటికి పోవద్దు," అన్నాడు. పద్మ కోసమైనా పెట్టించరా అంటే, "సూద్దాం, సూద్దాం," అన్నాడు. ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో ముందే చెప్పాను.

నేను వీధి చుట్టి రాహేలు ఇంటికి పోయాను. దారిలో ముగ్గురు ఎటు పోతున్నవని అడిగారు. రాహేలు పచ్చి ఇటుకలకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అంగన్‌వాడీలో పిల్లలను అదలించీ అదలించీ దాని గొంతు మైకు అక్కర్లేనిదయ్యింది. పద్మ సంగతి చెప్పాను. అంతా విని, "మీ తమ్మునికి ఇంట్ల మాట బయటికి పోవద్దు, అంతేనా? దడి ఉన్నప్పుడు మేం మెల్లగ మాట్లాడుకుంటుంటిమి. గోడ పెట్టిండు, గట్టిగ మాట్లాడుదుం. పద్మకు చెప్పు, భయపడద్దని," అంది.

మర్నాడు పొద్దున సత్తయ్య ముందు వాకిట్లో కుర్చీలు వేయించాడు. ఊరి పెద్దమనుషులు, మండలం నుంచి వచ్చిన ఇద్దరు నాయకులు చాయ్ తాగుతూ పార్టీ మద్దతు సంగతి మాట్లాడుతున్నారు. పద్మ గోడ పక్కన నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది. అవతల నుంచి గొంతు లేచింది.

"ఓ పద్మా! సత్తయ్యకు ఇయ్యాలన్న కడుపు సాఫ్ అయ్యిందా?"

వాకిట్లో గ్లాసులు గాల్లో ఆగాయి. పద్మ నా వైపు చూసింది. చేతిలో గిన్నె దించింది. నేను ముప్పై ఏళ్ళలో వినని గొంతుతో, "ఏడ రాహేలక్కా! మొన్నటిసంది అట్లనే ఉన్నడు!" అని అరిచింది.

"ఇసబ్‌గోల్ తాగిపియ్యకపోయినవ్! మీసాలకేసిన రంగు దురద వెట్టిందంటివి, తక్కువైందా?"

"మీసాలకు తక్కువైంది! ఇప్పుడు చెవుల కాడ లేచింది!"

నాయకుల్లో ఒకాయన చాయ్‌లోకి చూస్తున్నాడు, ఇంకొకాయన భుజాలు కదులుతున్నాయి. సత్తయ్య పంచె ఎగ్గట్టి గోడ దగ్గరికి ఉరికాడు. "రాహేలక్కా, జర మెల్లగ!"

"ఏందీ? గోడ అడ్డమున్నది సత్తయ్యా, ఇనబడతలేదు! గట్టిగ చెప్పు!"

"మెల్లగ మాట్లాడుమంటున్న!" అని వాడు అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్ళు ఆగారు.

"పద్మా, ఇంకా నిద్రల పండ్లు కొరుకుతనే ఉన్నడా?"

"దర్వాజ పెట్టిస్త! ఇయ్యాలనే పెట్టిస్త!"

"ఏం పెట్టిస్తవ్? ఇనబడలే!"

"దర్వాజా!" అని మా తమ్ముడు ఊరందరి సాక్షిగా వాగ్దానం చేశాడు. రాజకీయాల్లో వాడు ఇటో అటో తేల్చి చెప్పిన మొదటి మాట అదేనని పెద్దమనుషుల్లో ఒకాయన నాతో అన్నాడు.

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. గులాబి రంగు మీద సుద్దతో గీత గీశాడు, ఇటుకలు ఊడదీశాడు. కొత్త ఇనుప తలుపు ఇంకా రాలేదు గాని కొలతలు రాసుకుంటున్నాడు. "గొళ్ళెం ఏ దిక్కు పెట్టాలె?" అని అడిగాడు.

"మన దిక్కే. గా సంగతి గూడ అడుగుతవా?" అన్నాడు సత్తయ్య.

"మా దిక్కు పెట్టు!" అని అవతల నుంచి రాహేలు కొడుకు కేకేశాడు.

ఇద్దరూ గొంతులు పెంచారు. మేస్త్రీ టేపు పట్టుకుని ఇటు చూస్తున్నాడు, అటు చూస్తున్నాడు. పద్మ చీపురు పక్కన పెట్టి ఆ ఇటుకల గుట్ట దాటి వచ్చింది. మొగుణ్ణి చూడలేదు, నన్ను చూడలేదు, మేస్త్రీతోనే మాట్లాడింది.

"గొళ్ళెం పెట్టకు."